నిజ నేరాల నుంచి పుట్టిన చారిత్రక ప్రేమ సస్పెన్స్ నవలలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నిజంగా జరిగిన ఒక హత్య, అది జరిగిన కాలం, ఆ గొడవ మధ్యలో పుట్టిన ఒక ప్రేమ. ఈ మూడింటినీ కలిపి చెప్పే నవలలంటే ప్రాణం పెట్టే పాఠకులున్నారు, రాయాలని ఉవ్విళ్ళూరేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు, నాకు తోచిన జవాబులు ఇక్కడ పెడుతున్నాను.

ఏ నవలని ఈ కోవలో చేర్చవచ్చు?

కథ గడిచిపోయిన కాలంలో నడవాలి. నాయకుడికో నాయికకో, లేదా ఇద్దరికీ, ప్రాణభయం ఉండాలి. వాళ్ళ ప్రేమ పక్కకథగా కాక కథని నడిపించేదిగా ఉండాలి. వీటన్నిటి అడుగున ఎక్కడో ఒక నిజమైన కేసు ఉండాలి. కోర్టు రికార్డుల్లో నిలిచిపోయిందో, పత్రికలు నెలల తరబడి రాసిందో ఏదైనా సరే.

తేడా పట్టుకోవడానికి నేను ఒక చిన్న పరీక్ష పెడతాను. ప్రేమని తీసేసినా నేరం చిక్కుముడి మామూలుగానే విడిపోతుందంటే అది చారిత్రక డిటెక్టివ్ నవల. నేరాన్ని తీసేసినా ఆ ఇద్దరూ ఎలాగూ ఒకటవుతారంటే అది ప్రేమకథ, హత్య అందులో పోపు లాంటిది. ఏ ఒక్కటి తీసినా కథ కూలిపోతే అది ఈ కోవలోది.

ముగింపు అందరికీ తెలిసిన కేసులో సస్పెన్స్ ఏముంటుంది?

చాలా ఉంటుంది. హంతకుడెవరన్న ప్రశ్న తేలిపోయినా, నా పక్కనున్న మనిషిని నమ్మవచ్చా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఈ నవలలు నడిచేదే ఆ రెండో ప్రశ్న మీద.

1910లో లండన్‌ని కుదిపేసిన డాక్టర్ క్రిపెన్ కేసు చూడండి. జనవరి 31 రాత్రి వాళ్ళింట్లో స్నేహితులకి విందు జరిగింది. ఆ తర్వాత అతని భార్య కోరా ఎవరికీ కనిపించలేదు. అమెరికా వెళ్ళిందని కొన్నాళ్ళు చెప్పాడు, అక్కడే చనిపోయిందని తర్వాత చెప్పాడు. ఈలోపు అతని ఆఫీసులో టైపిస్టుగా ఉన్న ఎథెల్ లె నీవ్ అతనితో కలిసి ఒక డాన్సు పార్టీకి వచ్చింది. ఆమె పెట్టుకున్న బ్రోచ్ (బట్టలకి గుచ్చుకునే నగ) కోరాది. కోరా స్నేహితురాళ్ళు అది గుర్తుపట్టారు. మాట ఆ నోటా ఈ నోటా పాకి లండన్ పోలీసుల ప్రధాన కార్యాలయం స్కాట్లండ్ యార్డ్ దాకా వెళ్ళింది. జూలైలో పోలీసులు ఒకసారి వచ్చి ప్రశ్నలు అడిగి వెళ్ళగానే క్రిపెన్, ఎథెల్ ఊరొదిలి పారిపోయారు. ఇంటి నేలమాళిగలో ఇటుకల కింద శరీర భాగాలు దొరికాయి.

ఇద్దరూ తండ్రీకొడుకుల్లా వేషం మార్చి మాంట్‌రోజ్ అనే ఓడ ఎక్కారు. ఎథెల్‌ది అబ్బాయి వేషం. ఆ ‘కొడుకు’ ప్యాంటు బిగుతై వెనక పిన్నులు పెట్టి ఉండడం, తండ్రి ఆ అబ్బాయి చేయి వదలకపోవడం కెప్టెన్ కంట్లో పడ్డాయి. అతను వైర్‌లెస్‌లో కబురు పంపాడు. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ డ్యూ ఇంకా వేగంగా వెళ్ళే లారెంటిక్ ఓడ ఎక్కి వాళ్ళకంటే ముందే కెనడా తీరానికి చేరుకున్నాడు. పత్రికలు చదివే ప్రపంచమంతటికీ ఆ వేట సంగతి తెలుసు. డెక్ మీద షికారు చేస్తున్న ఆ ఇద్దరికి మాత్రం తెలియదు. జూలై 31న అరెస్టు చేశారు. నవంబర్ 23న క్రిపెన్‌ని ఉరి తీశారు. ఎథెల్‌ని కోర్టు నిర్దోషిగా వదిలేసింది.

ముగింపు చెప్పేశాను. అయినా అడగాల్సింది మిగిలే ఉంది. ఆ బ్రోచ్ చేతిలో పెట్టినప్పుడు ఎథెల్ ఏమడిగింది? అతనేం చెప్పాడు? ఆ జవాబుని ఆమె నమ్మిందా, నమ్మాలనుకుందా? తీర్పు ఆ గదిలోకి వెళ్ళలేదు, నవల వెళ్ళగలదు.

ఈ కథలన్నీ పాతకాలంలోనే ఎందుకు నడుస్తాయి?

అనుమానం తీర్చుకునే దారులు అప్పుడు చాలా తక్కువ కాబట్టి. ఇవాళైతే ఫోన్ లొకేషన్, సీసీ కెమెరా, డీఎన్‌ఏ ఉన్నాయి. 1850ల్లో ఒక స్త్రీకి కట్టుకోబోయేవాడి మీద అనుమానం వస్తే ఆమెకున్నవి రెండు కళ్ళు, రెండు చెవులు, పనివాళ్ళ మాటలు.

ఆర్సెనిక్ అనే విషం సంగతే తీసుకోండి. తెల్లటి పొడి, రుచి దాదాపు తెలియదు, వాంతులు విరేచనాలతో మనిషి పోతే చూసేవాళ్ళకి కలరాలా ఉంటుంది. శవంలో దాని జాడ నమ్మకంగా పట్టే రసాయన పరీక్షని జేమ్స్ మార్ష్ 1836లో ప్రకటించాడు. 1840లో ఫ్రాన్స్‌లో మరీ లఫార్జ్ అనే యువతి భర్తని చంపిందన్న కేసులో ఆ పరీక్షే ఆమెకి శిక్ష పడేలా చేసింది. 1851లో బ్రిటన్ ఒక చట్టం తెచ్చింది: ఆర్సెనిక్ అమ్మితే పుస్తకంలో రాయాలి, కొన్నవాళ్ళు సంతకం పెట్టాలి, పొడిలో మసో నీలిమందో కలిపి రంగు మార్చాలి. నవలాకారుడికి ఆ ఒక్క చట్టంలోనే ఎన్ని సన్నివేశాలున్నాయో చూడండి. షాపులో సంతకం పెడుతూ ఆగిన చేయి, కప్పు అడుగున కనిపించిన బూడిద రంగు.

వేలిముద్రతో హత్య కేసు తేలడం 1892లో అర్జెంటీనాలో జరిగింది. స్కాట్లండ్ యార్డ్ వేలిముద్రల విభాగం మొదలైంది 1901లో. చొక్కా మీది మరక మనిషి రక్తమా, కోడి రక్తమా అని తేల్చే పరీక్ష కూడా 1901లోనే వచ్చింది. అందుకే 1888లో నడిచే కథలో మీ నాయకుడు గ్లాసు మీద వేలిముద్ర తీసి హంతకుణ్ణి పట్టేస్తే, కాస్త తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం పక్కన పడేస్తాడు.

చట్టం కూడా అంతే. ఇంగ్లండ్‌లో నిందితులు తమ తరఫున తాము ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పుకునే హక్కు పూర్తిగా వచ్చింది 1898లో. అంతకుముందు బోనులో నిలబడ్డ మనిషి తన ప్రాణం గురించి అందరూ మాట్లాడుకుంటుంటే వింటూ నిలబడాల్సిందే. ఆమె కోసం గ్యాలరీలో కూర్చున్న ప్రియుడి పరిస్థితి ఊహించండి. పెళ్ళైన స్త్రీకి సొంత ఆస్తి మీద పూర్తి హక్కు వచ్చింది 1882లో. అంతకుముందు డబ్బున్న అమ్మాయికి ‘ఇతను నన్ను ప్రేమిస్తున్నాడా, నా ఆస్తినా’ అన్నది ఊరికే వచ్చే బెంగ కాదు, బతుకు ప్రశ్న.

రైలు పెట్టె కూడా మర్చిపోవద్దు. అప్పటి పెట్టెల్లో ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళే దారి లేదు. రైలు కదిలిందంటే లోపలున్న ఇద్దరూ తర్వాతి స్టేషన్ దాకా అక్కడే. 1864లో థామస్ బ్రిగ్స్ అనే బ్యాంకు ఉద్యోగి మీద ప్రాణం తీసిన దాడి అలాంటి గదిలోనే జరిగింది. ప్రేమకీ భయానికీ అంతకంటే ఇరుకైన చోటు దొరకదు.

ఈ కథల్లో ప్రేమలేఖలకి అంత ప్రాధాన్యం ఎందుకు?

అవే ప్రేమకి సాక్ష్యం, నేరానికీ సాక్ష్యం. ఒకే కాగితాన్ని ప్రియుడు ఒకలా చదువుతాడు, ప్రాసిక్యూటర్ ఇంకోలా చదువుతాడు.

గ్లాస్గోలో ఒక పేరున్న ఆర్కిటెక్ట్ కూతురు మేడలిన్ స్మిత్. ఇంట్లో తెలియకుండా పియేర్ ఎమిల్ లాంజెలియే అనే గుమస్తాని ప్రేమించింది. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది, వాటిలో అతన్ని భర్త అని పిలిచింది. 1857 మొదట్లో ఇంట్లోవాళ్ళు మెచ్చిన ఇంకో పెద్దమనిషితో పెళ్ళికి ఒప్పుకుంది. పాత ఉత్తరాలు తిరిగిచ్చేయమని ఎమిల్‌ని అడిగింది. అతను ఇవ్వలేదు, మీ నాన్నకి చూపిస్తానన్నాడు. ఆమె బతిమాలుతూ రాసిన ఉత్తరాలూ మిగిలాయి. ఆ మార్చిలోనే అతను ఆర్సెనిక్‌తో చనిపోయాడు. ఆమె ఆర్సెనిక్ కొన్నట్టు షాపు పుస్తకాల్లో ఆమె సంతకాలే ఉన్నాయి. నేలమట్టానికి కాస్త కిందున్న తన గది కిటికీ ఊచల్లోంచి అతనికి కోకో అందించిందని ప్రాసిక్యూషన్ వాదన. కానీ చివరి రాత్రి వాళ్ళిద్దరూ కలిశారని ఎవరూ రుజువు చేయలేకపోయారు. స్కాట్లండ్ చట్టంలో అప్పుడున్న ‘నేరం రుజువు కాలేదు’ అన్న మూడో రకం తీర్పుతో ఆమె బయటపడింది.

ఆ కిటికీ ఊచలు చాలు ఒక నవలకి. లోపల వెచ్చటి కప్పు పట్టుకున్న చేయి, బయట చలిలో చాచిన చేయి. ఇద్దరిలో ఎవరు ఎవరికి భయపడుతున్నారు?

ఎడిత్ థాంప్సన్ గతి వేరు. 1922లో ఆమె ప్రియుడు ఫ్రెడరిక్ బైవాటర్స్ ఆమె భర్తని కత్తితో పొడిచి చంపాడు. ఆమెకేమీ తెలియదని చివరిదాకా చెప్పాడు. ఆమె రాసిన ఉత్తరాలు మాత్రం కోర్టులో బిగ్గరగా చదివారు. భర్త తిండిలో గాజు పెంకులు కలిపానన్నట్టు అందులో రాసుకుంది, శవపరీక్షలో అలాంటి ఆనవాలేదీ దొరకలేదు. అయినా 1923 జనవరి 9న ఇద్దరినీ ఉరి తీశారు. ఊహలో రాసుకున్న మాట ప్రాణం తీసింది. ఆ కేసు గురించి చదివినప్పుడల్లా నాకు కోపం, దుఃఖం రెండూ వస్తాయి.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మన ఆగ్రాలో ఉంది. అగస్టా ఫుల్లాం, ఆమె ప్రియుడు డాక్టర్ క్లార్క్ తమకి అడ్డున్న ఆమె భర్తనీ అతని భార్యనీ 1911, 1912ల్లో వదిలించుకున్నారు. భర్తకి విషం ఎలా పెడుతున్నదీ అగస్టా తన చేత్తో రాసింది. వందల ఉత్తరాలు రేకు పెట్టెలో భద్రంగా పోలీసులకి దొరికాయి.

అనుమానితుణ్ణే ప్రేమించే కథలు హంతకుల్ని గొప్ప చేసినట్టు కాదా?

రాసే తీరుని బట్టి అవుతుంది కూడా. నా గీత ఇది: శిక్ష పడిన నిజమైన హంతకుణ్ణి ప్రేమకథ కోసం మంచివాణ్ణి చేయకూడదు. అనుమానితుడు కల్పిత వ్యక్తి అయితే ఎంత నలుపైనా పూయండి, ఎంత వెలుగైనా ఇవ్వండి.

ఇంకో ప్రమాదం ఉంది. బెదిరించడాన్ని, కట్టడి చేయడాన్ని గాఢమైన ప్రేమగా చూపించడం. లాంజెలియే ఉత్తరాలు చూపిస్తానని బెదిరించింది ప్రేమ ఎక్కువై అని రాసేస్తే, ఆ అమ్మాయి పడ్డ టెన్షన్‌ని మనం తుడిచేసినట్టే. నాయకుడు నాయికని అనుమానించవచ్చు, ఆమె నుంచి నిజం దాచవచ్చు. ఆమె వెళ్ళిపోతానంటే మాత్రం తలుపు తీయగలగాలి.

చనిపోయినవాళ్ళ పట్ల రచయితకి బాధ్యత ఉందా?

ఉంది, అన్నిటికంటే ఎక్కువ. 1888లో లండన్‌లోని వైట్‌చాపెల్ హత్యల హంతకుడికి పత్రికల్లో మోగిన పేరు, జాక్ ది రిప్పర్, ప్రపంచమంతా తెలుసు. అతని చేతిలో పోయినవాళ్ళుగా ఎక్కువమంది ఒప్పుకునే అయిదుగురు మేరీ యాన్ నికల్స్, యానీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, క్యాథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. ఈ పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి?

మేరీ యాన్ నికల్స్ చివరి రాత్రి మంచానికి కట్టాల్సిన నాలుగు పెన్నీలు లేక లాడ్జింగ్ హౌస్ నుంచి బయటికి రావాల్సి వచ్చింది. తలమీదున్న కొత్త టోపీ చూపించి, ఆ డబ్బు ఎంతసేపట్లో వస్తుందిలే అన్నట్టు మాట్లాడి వెళ్ళింది. ఆ టోపీ గురించి రాయగలిగిన రచయిత గాయాల గురించి పేజీలు నింపక్కర్లేదు.

బాధితురాలు నవలలో బతికున్నంతసేపు ఏదో ఒకటి కోరుకోవాలి, ఎవరితోనైనా మాట్లాడాలి, ఆమెకంటూ ఒక పని ఉండాలి. నాయకుడూ నాయికా కలుసుకోవడానికి ఆమె శవం ఒక వంక మాత్రమే అయితే ఆ నవల నాకొద్దు.

నిజాన్ని ఎంతవరకు మార్చవచ్చు?

అసలు పేర్లు వాడితే ఎవరు చనిపోయారు, ఎప్పుడు, తీర్పు ఏమిటి అన్నవి కదల్చకండి. రికార్డులో లేని గంటలు, తలుపు వెనక మాటలు, పనిమనిషి, పక్కింటివాళ్ళు, వీటిలో మీకు స్వేచ్ఛ ఉంది. అంతకంటే ఎక్కువ మార్చాలనిపిస్తే పేర్లు, ఊరు, సంవత్సరం అన్నీ మార్చేసి కేసుని స్ఫూర్తిగా మాత్రం ఉంచుకోండి. చాలా మంచి నవలలు ఈ రెండో దారినే పోతాయి, నేనూ అదే మేలంటాను. చివర్లో ఏది నిజం, ఏది కల్పన అని ఒకటి రెండు పేజీల్లో చెప్పడం పాఠకుడి పట్ల మర్యాద.

చట్టపరంగా ఇబ్బందులు వస్తాయా?

ఇంగ్లండ్ చట్టంలో చనిపోయినవాళ్ళ తరఫున పరువునష్టం దావా వేయడానికి లేదు. మన దేశంలో అలా కాదు. పాత శిక్షాస్మృతి 499వ సెక్షన్ వివరణ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356, చనిపోయిన మనిషి మీద నింద కూడా కుటుంబాన్ని బాధపెట్టే ఉద్దేశంతో వేస్తే పరువునష్టం కావచ్చంటాయి. ఇటీవలి కాలపు కేసు ఎంచుకుంటే, వారసులు బతికుంటే, అచ్చుకి ముందు లాయరుకి చూపించండి.

ఆ కాలంలో స్త్రీ పరిశోధకురాలిగా ఉండడం నమ్మేలా ఉంటుందా?

ఉంటుంది. చికాగోలో పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ 1856లోనే కేట్ వార్న్ అనే ఆమెని డిటెక్టివ్‌గా తీసుకుంది. ఇంగ్లండ్‌లో అరెస్టు చేసే అధికారం ఉన్న మొదటి మహిళా పోలీసు ఎడిత్ స్మిత్ 1915లో వచ్చింది. అయినా నాయికకి బ్యాడ్జి అక్కర్లేదు. నర్సు, టైపిస్టు, బట్టలు కుట్టే మనిషి, జైల్లో ఆడ ఖైదీల వార్డెను, వీళ్ళంతా మగ ఇన్‌స్పెక్టరు అడుగుపెట్టలేని గదుల్లోకి వెళ్ళగలరు. కుట్టుపని చేసే అమ్మాయికి గౌను నడుము ఈ నెల ఎందుకు వదులు చేయమన్నారో తెలుస్తుంది. ఇన్‌స్పెక్టరుకి తెలియదు. అతను ఆమె దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావడానికి అంతకంటే మంచి కారణం కావాలా?

పరిశోధనకి ఎక్కడ మొదలుపెట్టాలి?

లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల నివేదికలు 1674 నుంచి 1913 వరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. సాక్షుల మాటలు వాళ్ళ నోటితో విన్నట్టే ఉంటాయి. పాల డబ్బావాడు ఎన్నింటికి వచ్చాడు, దీపం ఎవరు ఆర్పారు, మెట్ల దగ్గర ఎవరు ఎవరితో గొడవపడ్డారు, ఇవన్నీ అక్కడ దొరుకుతాయి. పాత పత్రికలు కూడా చూడండి, కానీ ఒక్క పత్రికని నమ్మకండి. అప్పుడూ అమ్మకాల కోసం పెంచి రాసినవాళ్ళున్నారు. ఆ కాలపు రైలు టైంటేబుళ్ళు, వంట పుస్తకాలు, షాపుల క్యాటలాగులు కోర్టు కాగితాలంత పనికొస్తాయి.

శృంగారం, హింస ఎంత ఉండాలి?

కథకి ఎంత అవసరమైతే అంత. పెళ్ళికాని అమ్మాయి పరాయి మగవాడితో ఒంటరిగా అయిదు నిమిషాలు నిలబడితేనే పరువు పోయే కాలంలో, చేతి తొడుగు తీయడం కూడా పెద్ద సన్నివేశమే. హత్య విషయంలో చేసిన తీరు కంటే తర్వాత ఇంట్లో మిగిలిన ఖాళీ మీద నిలవడం నాకు నచ్చుతుంది.

సంభాషణలు పాత భాషలో రాయాలా?

అక్కర్లేదు. సాదా తెలుగులో రాసి, ఆ కాలంలో లేని మాటలు మాత్రం తీసేయండి. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో జాగ్రత్తగా చూసుకుంటే చాలు. ‘మీరు’ అన్న మనిషి మొదటిసారి ‘నువ్వు’ అన్నప్పుడు పాఠకుడికి గుండె ఝల్లుమనాలి.

సుఖాంతం తప్పనిసరా?

ఈ కోవ చదివేవాళ్ళు చాలామంది ఇద్దరూ చివరికి కలవాలనే కోరుకుంటారు, ఆ కోరికలో తప్పులేదు. నిజమైన కేసు విషాదంగా ముగిసినా, దాని పక్కన నడిచే కల్పిత జంటకి మంచి ముగింపు ఇవ్వవచ్చు. కేసులో పోయినవాళ్ళని మాత్రం ఆ పెళ్ళి సన్నివేశంలో మర్చిపోవద్దు.

తేలని కేసు మీద రాస్తే హంతకుడి పేరు చెప్పాలా?

కథలో కల్పిత హంతకుణ్ణి చూపించండి. నిజంగా బతికి చనిపోయిన ఒక మనిషి మీద, రుజువు లేకుండా, కథ అందంగా ముగుస్తుందని హత్యానేరం మోపడం నాకు ఒప్పుదల కాదు.

కేసు ఎలా ఎంచుకోవాలి?

పేరున్న కేసు కోసం వెతకకండి. రికార్డులో ఎవరూ జవాబు చెప్పని ఒక చిన్న ప్రశ్న ఉన్న కేసు వెతకండి. రైల్లో దాడికి గురైన బ్రిగ్స్ కేసులో హంతకుడు ఫ్రాంజ్ ముల్లర్ తన టోపీ ఆ రైలు పెట్టెలో వదిలేసి బ్రిగ్స్ టోపీ పెట్టుకుపోయాడు, తర్వాత దాన్ని కత్తిరించి ఎత్తు తగ్గించాడు. ఆ టోపీని రోజూ చూసినవాళ్ళు ఎవరైనా ఉంటారు కదా. అతనితో ఒక ఇంట్లో ఉన్నవాళ్ళు, భోజనం వడ్డించినవాళ్ళు, అతనంటే ఇష్టపడినవాళ్ళు. అలాంటి ప్రశ్న దొరికాక, ఆ ప్రశ్నకి దగ్గరగా నిలబడగలిగిన మనిషిని కల్పించండి. నిజం తెలుసుకుంటే ఆ మనిషి ఎవరిని పోగొట్టుకోవాల్సి వస్తుందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ పేరు రాయలేకపోతే ఇంకో కేసు చూడండి.